బావ హోండాను అమ్మే ముందు

చి. చిన్నాకు,

మామ ఆశీస్సులు. నిన్న అక్క ఫోన్ చేసి, బావ వదిలి వెళ్ళిన హోండా సీబీ 750 మోటార్‌సైకిల్‌ను అమ్మేద్దామనుకుంటున్నావని చెప్పింది. మంచి పనే. రెండేళ్ళ నుంచి కింద పార్కింగ్‌లో టార్పాలిన్ కప్పుకుని పడి ఉంది. నడిపేవాడు లేని బండికి ఎండా వానా అక్కర్లేదు, ఉన్నచోటే తుప్పు పడుతుంది. కానీ అక్క చివర్లో ఇంకో మాట అంది. ఎవరో దలాల్ వచ్చి చూసి, "కాగితాలతో పనిలేదు, రేపు పొద్దున నోట్లు తెచ్చి బండి ఎత్తుకుపోతా" అన్నాడట. నువ్వు సరే అనబోతున్నావట. ఆ మాటకే ఈ ఉత్తరం.

ఒరేయ్, కాగితాలు వద్దన్నవాడికి ఆ బండి కూడా అక్కర్లేదు. వాడికి కావలసింది దాని ఇంజను, నాలుగు కార్బురేటర్లు, నాలుగు సైలెన్సర్లు, మీటర్లు. షట్టర్ వేసుకుని ఒక్క రాత్రిలో విప్పేస్తాడు. సీబీ 750 సామాన్లు మన దగ్గర ఏ షాపులోనూ దొరకవు గనక ముక్కలు అమ్ముకున్నా వాడికి గిట్టుబాటే. మిగిలిన ఫ్రేమూ, ఆర్‌సీ పుస్తకమూ ఏ దొంగబండికి తొడుగుతాడో తెలీదు. ఆ పుస్తకంలో మీ నాన్న పేరు ఉంటుంది.

అసలు ముందు ఇది తెలుసుకో. ఆ బండి ఇవాళ నీది కాదు. ఆర్‌సీలో ఇంకా బావ పేరే ఉంది. పోయిన మనిషి సంతకం పెట్టలేడు, పెట్టినట్టు చూపించారంటే అది ఫోర్జరీ. దలాల్‌లు ఈ పని అలవోకగా చేసేస్తారు, జర జాగ్రత్త. మొదట వారసత్వంగా నీ పేరుకో అక్క పేరుకో మార్పించుకోవాలి. దానికి ఫారం 31. మరణ ధ్రువపత్రం, తహసీల్దార్ ఆఫీసు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మీ చెల్లెలి దగ్గర నుంచి అభ్యంతరం లేదని అఫిడవిట్. చెల్లెలు ఒప్పుకుంటుందిలే అని వదిలెయ్యకు. అడుగు, కాగితం మీద రాయించు. బండి అమ్ముడుపోయాక వచ్చే మాటలకన్నా ఇప్పుడు అడగడం తేలిక. మీ మారేడ్‌పల్లి అడ్రసుకి తిరుమలగిరి ఆర్టీఏ. స్లాట్ బుక్ చేసుకుని నువ్వే వెళ్ళు, ఏజెంటును పంపకు.

అక్కడ ఇంకో చిక్కు రావచ్చు. బావ దగ్గరున్నది 1984 నాటి పాత పుస్తకం, చేతిరాతది. నంబరు కూడా మూడు అక్షరాల పాత వరస. 1989లో కొత్త పద్ధతి రాకముందు ఇచ్చిన నంబర్లలో కొన్ని కంప్యూటర్లో ఎక్కనే లేదు. ముందు రవాణా శాఖ సైట్‌లో నంబరు కొట్టి చూడు. రాకపోతే బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయించాలి, అంటే పాత పుస్తకంలోని వివరాలు కంప్యూటర్లో ఎక్కించాలి. వాళ్ళు ఇంజను, చాసిస్ నంబర్ల ప్రింటు అడుగుతారు. సన్నని కాగితం ఆ అంకెల మీద పెట్టి, పెన్సిల్ అడ్డంగా పట్టుకుని మెల్లగా రుద్దాలి. రుద్దే ముందు కిరోసిన్ గుడ్డతో జిడ్డు తుడువు. అంతే. ఎమరీ కాగితం పెట్టావో, అంకెల అంచులు అరిగి, "నంబరు దిద్దారు" అన్న అనుమానం జన్మంతా ఆ బండిని వదలదు.

రిజిస్ట్రేషన్ గడువు కూడా చూడు. సొంత బండికి మొదట పదిహేనేళ్ళు, ఆ తర్వాత ఐదేళ్ళకోసారి. 1984 లెక్కన చివరి రెన్యూవల్ 2024లో పడాలి. ఆ ఏడాది బావ మంచంలో ఉన్నాడు, చేయించి ఉండడని నా అనుమానం. ఇరవై ఏళ్ళు దాటిన మామూలు మోటార్‌సైకిలుకి రెన్యూవల్ ఫీజు రూ. 2,000. దిగుమతి బండికి రూ. 20,000. 2025 ఆగస్టు నుంచి ఇదీ రేటు. పైన పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్, ఆలస్యానికి జరిమానా. చూసి గుండె పట్టుకోకు. ఆ ఖర్చు నువ్వు పెట్టుకోకపోతే కొనేవాడు దానికి రెండింతలు ధరలో కోసేస్తాడు.

వింటేజ్ కింద మార్పిద్దామని ఎవరైనా చెబితే తొందరపడకు. 2021 నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్ళు దాటిన బండికి 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. బండి 1976దే, కానీ ఇక్కడి పుస్తకంలో 1984 ఉంది, అక్కడే వాదన మొదలవుతుంది. అదీకాక ఆ నంబరు పడితే రోజూ రోడ్డు మీద తిప్పే వీలుండదు. ర్యాలీకో, ప్రదర్శనకో, పెట్రోలుకో, మరమ్మతుకో మాత్రమే. ఆదివారం పొద్దున నెక్లెస్ రోడ్ మీద తిప్పుకోవాలని కొనేవాడు ఆ నంబరు చూసి వెనక్కి పోతాడు.

ఇక అసలైన కాగితం. బావ కువైట్ నుంచి బండిని ఓడలో బొంబాయికి తెచ్చి కస్టమ్స్ డ్యూటీ కట్టి దించుకున్నాడు. ఆ దిగుమతి పత్రం (బిల్ ఆఫ్ ఎంట్రీ), డ్యూటీ రసీదు నీలం రెగ్జిన్ ఫైల్లో ఉండాలి, బీరువా పైన స్టీలు పెట్టెలో వెతుకు. మన ఊళ్ళో పెద్ద బండ్లు కొనేవాళ్ళు ఒకప్పుడు బాగా దెబ్బతిన్నారు. విడిభాగాల పేరుతో తెచ్చి ఇక్కడ బిగించినవి, వేరే బండి కాగితాలతో తిరిగినవి, కస్టమ్స్ వాళ్ళు వచ్చి పట్టుకుపోయినవి ఎన్నో. అందుకే బండి చుట్టూ తిరగకముందే "కస్టమ్స్ కా కాగజ్ హై క్యా?" అని అడుగుతారు. ఆ ఒక్క కాగితం ఉంటే నీ బండి వేరు, లేకపోతే వేరు. దొరికాక జిరాక్సులు తీసి అసలుది బ్యాంకు లాకర్లో పెట్టు. ఫోన్‌లో ఫొటో తీసి ఎవరికీ పంపకు, నంబర్లు వేలితో మూసి దూరం నుంచి చూపించు చాలు.

నంబర్ల దగ్గర ఒక తగాదా ఖాయం. ట్రయంఫ్ లాంటి ఇంగ్లీషు బండ్లు ఎరిగినవాళ్ళు ఇంజనూ ఫ్రేమూ ఒకే నంబరు కావాలంటారు. హోండాలో అలా ఉండదు. ఫ్రేమ్ నంబరు సీబీ750 అని, ఇంజను నంబరు సీబీ750ఈ అని మొదలవుతాయి, వెనక అంకెలు ఫ్యాక్టరీలోనే వేరు. కొనొచ్చినవాడు "నంబర్లు కలవట్లేదు, ఇంజను మార్చారు" అని ధర తగ్గించబోతే నువ్వు తెల్లమొహం వెయ్యకుండా ఈ సంగతి చెప్పు. ఆర్‌సీలో రెండూ ఉన్నవి ఉన్నట్టు రాసి ఉన్నాయా లేదా అన్నదే చూడాల్సింది.

ఇప్పుడు నా అసలు భయం చెబుతాను. నువ్వు శుభ్రమైన మనిషివి. బండిని రంగు వేయించి, క్రోమ్ పూత పెట్టించి, కొత్త సీటు కుట్టించి చూపిద్దామని అనుకుంటూ ఉంటావు. అక్క కూడా "కొంచెం మెరిపిస్తే ఎక్కువొస్తుందేమోరా" అంది. వద్దు. టాంకు మీద ఉన్నది ఫ్యాక్టరీ రంగు, దాని మీద గీతలు పడ్డా దానిదే విలువ. కొత్త రంగు కింద ఏం దాచారో ఎవడికి తెలుసు? నాలుగు సైలెన్సర్లకూ హెచ్‌ఎం అని ముద్ర ఉంటుంది, ఒంగి చూడు, అవి కంపెనీవే అన్నదానికి సాక్ష్యం. అడుగున చిన్న తుప్పు ఉన్నా వాటిని మార్చకు. వెనక మడ్‌గార్డ్ మీద అరబ్బీ అక్షరాల స్టిక్కరు ఒకటి ఉంది, కువైట్‌లో మొదట అమ్మిన షాపుది. సగం ఊడిపోయి అసహ్యంగా ఉంటుంది. దాన్ని గీకేస్తే నిన్ను నేను క్షమించను. బండి ఎక్కణ్ణుంచి వచ్చిందో నువ్వు నోటితో చెప్పక్కర్లేకుండా అదే చెబుతుంది. నువ్వు చేయాల్సింది మెత్తటి గుడ్డతో దుమ్ము తుడవడం, టైర్లలో గాలి, బ్యాటరీ. అంతవరకే.

స్టార్ట్ చేసే సంగతి. టాంకులో రెండేళ్ళ నాటి పెట్రోలు ఉంది, అది మొత్తం దించెయ్యి. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ 20 శాతం. పాత రబ్బరుకు అది పడదు, నిలవున్నా మంచిది కాదు. కార్బురేటర్ల గిన్నెల్లోదీ వదిలెయ్యి. వాటిలో పెట్రోలు పోయే సన్నటి జెట్‌లు జిగురు పట్టి ఉంటాయి, పుత్లీబౌలీ మెకానిక్ చాచాకే చూపించు, ఆ బండిని బావ తప్ప చేత్తో ముట్టుకున్నది ఆయనొక్కడే. ఈ ఇంజనుకి ఆయిల్ వేరే టాంకులో ఉంటుంది. చాలా రోజులు నిలిపితే అది మెల్లగా కిందికి దిగిపోతుంది, మొదటిసారి స్టార్ట్ చేయగానే పొగ కమ్ముతుంది. అది చూసి పిస్టన్ రింగులు పోయాయని కొనేవాడు అనకముందే, వారం ముందు నుంచి రోజు విడిచి రోజు స్టార్ట్ చేసి కాసేపు నడవనివ్వు. కానీ వాళ్ళు వచ్చే రోజున మాత్రం ముట్టుకోకు. తెలిసినవాడు రాగానే ఇంజను చుట్టూ ఉండే రెక్కల (ఫిన్నుల) మీద చెయ్యి పెట్టి చూస్తాడు. వెచ్చగా తగిలిందంటే చల్లటి ఇంజను స్టార్ట్ కాదని లెక్క కట్టేస్తాడు.

ధర ఎంత అని అడగకు, నేను అంకె చెప్పను. ఒక్కటి మాత్రం చెబుతాను. అమెరికా వేలంపాటల రేట్లు చూసి డాలర్లను రూపాయలతో గుణించకు. 1969లో ఈ మోడల్ మొదలైనప్పుడు వచ్చిన తొలి ఏడు వేల చిల్లర బండ్ల ఇంజను కేసులు గరుకుగా, ఇసుక అచ్చులో పోసినట్టు ఉంటాయి. పిచ్చి ధరలు పలికేవి అవి. మనది 1976ది, మంచి బండి, అపురూపమైన బండి, కానీ అది కాదు. ఇద్దరు ముగ్గురు పాత బండ్ల పిచ్చివాళ్ళను, అమ్మేవాళ్ళను కాదు, దాచుకున్నవాళ్ళను కలిసి అడుగు. నాకు తెలిసినవాళ్ళు ఇద్దరున్నారు. వచ్చాక మాట్లాడదాం.

కొనేవాడు హైదరాబాద్ వాడే అవుతాడని లేదు. బెంగళూరు, పూణె నుంచి వస్తారు, వాళ్ళు ఎక్కువ అడుగుతారు, ఎక్కువ ఇస్తారు. ట్రయల్‌కి అడిగితే లైసెన్సు, హెల్మెట్ చూసి, ఇన్సూరెన్సు ఉంటేనే ఇవ్వు. వాళ్ళ కారు తాళం నీ జేబులో ఉండాలి. రెండు వందల కేజీలు దాటిన బండి, 67 హార్స్‌పవర్. మీ వీధి మలుపులో పడేస్తే విరిగిన లివరు కోసం జపాను దాకా వెతకాలి. అవుటర్ రింగ్ రోడ్డు మీదికి తీసుకెళ్తానంటే కుదరదని చెప్పు, టూవీలర్లకి అక్కడ ప్రవేశం లేదు. పొద్దున ఆరింటికి కంటోన్మెంట్ రోడ్లు ఖాళీగా ఉంటాయి, అక్కడికి తీసుకుపో.

డబ్బు మొత్తం బ్యాంకులోనే. రెండు లక్షలు, ఆ పైన నగదు తీసుకుంటే తీసుకున్నంతా జరిమానా కింద పోతుంది. డబ్బు ఖాతాలో పడ్డట్టు నువ్వు స్వయంగా చూసుకున్నాకే తాళం ఇవ్వాలి, వాళ్ళు ఫోన్‌లో చూపించే స్క్రీన్‌షాట్ నమ్మకు.

పేరు మార్పిడి గురించి నా కథ నీకు ఎప్పుడూ చెప్పలేదు. 1998లో నా బీఎస్‌ఏ మోటార్‌సైకిల్ అమ్మాను. మిలిటరీ డిస్పోజల్ బండి, చాలా ఇష్టంగా ఉండేది. కొన్నాయన చదువుకున్న మనిషి, పెద్ద ఉద్యోగం. "ఫారాల మీద సంతకం పెట్టివ్వండి సార్, వచ్చే వారం మార్పించుకుంటా" అన్నాడు. పేరు మార్పిడికి పెట్టే 29, 30 ఫారాల మీద, ఖాళీగానే, సంతకాలు పెట్టి ఇచ్చేశాను. నాలుగేళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం పోస్టుమ్యాన్ రిజిస్టర్డ్ కవరు తెచ్చాడు. వేరే జిల్లా ట్రిబ్యునల్ నోటీసు. ఆ బండి ఎవరినో గుద్దింది, కాలు పోయింది, ఇన్సూరెన్సు లేదు, నష్టపరిహారం కట్టాల్సిందిగా మొదటి ప్రతివాది నేను. అప్పటికి బండి ముగ్గురి చేతులు మారింది, ఒక్కడూ పేరు మార్చుకోలేదు. నా సంతకం ఉన్న ఖాళీ ఫారాలే చేతులు మారుతూ తిరిగాయి. మూడేళ్ళు వాయిదాలకు తిరిగాను. ఎర్ర బస్సులో తెల్లారుజామున వెళ్ళి సాయంత్రానికి "వచ్చే నెల రండి" అనిపించుకుని రావడం. అత్తయ్య నగలు ఒకసారి కుదువ పెట్టాం, అది కూడా మీకెవరికీ తెలీదు. 2018లో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట చెప్పింది: ఆర్‌సీలో పేరు ఎవరిదైతే చట్టం దృష్టిలో యజమాని వాళ్ళే, ఎన్ని చేతులు మారినా సరే.

కాబట్టి ఖాళీ కాగితం మీద సంతకం లేదు. కొనేవాడు తెలంగాణ వాడైతే ఇద్దరూ కలిసి తిరుమలగిరి వెళ్ళి మార్పిడి దరఖాస్తు పెట్టండి, అమ్మినట్టు పద్నాలుగు రోజుల్లోగా తెలియజేయడం నీ బాధ్యత. రసీదు నీ దగ్గర ఉంచుకో. బయటి రాష్ట్రం వాడైతే ఫారం 28తో ఇక్కడి ఆర్టీఏ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం (ఎన్‌వోసీ) తీయాలి. అది ఇచ్చాక కూడా అక్కడ రిజిస్టర్ అయ్యేదాకా పేరు నీదే, అందుకని అది పూర్తయ్యేవరకు కొంత డబ్బు ఇద్దరికీ నమ్మకమైన మనిషి దగ్గర ఆపుకుంటామని ముందే మాట్లాడుకో. మంచి కొనుగోలుదారు దీనికి అలగడు. బండి గేటు దాటే రోజు డెలివరీ నోటు రాయించు, తేదీతోపాటు గంట, నిమిషం కూడా. వాడి ఆధార్ కాపీ మీద వాడి సంతకం. ఆ నిమిషం నుంచి రోడ్డు మీద ఏం జరిగినా లెక్క వాడిది అని రాసి ఉండాలి.

ఆ దలాల్‌కి ఫోన్ చేసి, మామ వద్దన్నాడని చెప్పు, తప్పు నా మీదికి తోసెయ్. ఆదివారం నారాయణగూడలో మెట్రో ఎక్కి పరేడ్ గ్రౌండ్స్‌లో దిగుతా, తొమ్మిదింటికల్లా వస్తా. అప్పటికి ఆ నీలం ఫైలు, రెండో తాళం, సీటు కింద టూల్‌కిట్ తీసి పెట్టు. అన్నట్టు టూల్‌కిట్‌లో ఒక స్పానరు తక్కువ కనిపిస్తుంది, పది-పన్నెండుది. ఇల్లంతా వెతక్కు. 1991లో బీఎస్‌ఏ చైను బిగించుకోవడానికి బావ దగ్గర తీసుకున్నాను. ఇప్పటికీ నా దగ్గరే ఉంది, తెస్తాను.

మీ మామ
నల్లకుంట