చిన్నోడికి ముక్కలు పెట్టే ముందు

బిడ్డా,

చిన్నోడికి మిక్సీ పట్టడం మానేసి ముక్కలు చేతికిస్తానన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మంచి పని. ఎనిమిది నెలలు నిండాయి, ఆసరా లేకుండా కూర్చుంటున్నాడు. ఇంకా గుజ్జే పెడుతూ పోతే రేపు మెతుకు తగిలినా ఉమ్మేస్తాడు. నీ ధైర్యానికి సంతోషమే, కానీ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మోరంగడ్డ, గాజర్, ఆనిగెపుకాయ ఉడికించి నీ వేలంత పొడుగు కోసివ్వు. రెండు వేళ్ల మధ్య నొక్కితే నలిగిపోవాలి. కొత్తది ఒకసారి ఒక్కటే. ఏడాది నిండేదాకా తేనె వద్దు, ఎవరు చెప్పినా సరే.

ఇక పుట్నాల సంగతి. మీ అమ్మకు పది నెలలప్పుడు మేడారం జాతరకు వెళ్లాం. మీ చిన్నతాతకు పిల్లంటే ప్రాణం. పళ్లొచ్చాయి కదా, నములుతుందిలే అని నాలుగు పుట్నాలు నోట్లో పెట్టాడు. నేను గుడారంలో బియ్యం ఏరుతున్నాను. పిల్ల ఏడిస్తే చూసేదాన్నే. ఏడవలేదు, దగ్గలేదు. తలెత్తేసరికి నోరు తెరిచే ఉంది, చప్పుడు లేదు, పెదవులు నల్లబడుతున్నాయి. చిన్నతాత వేలు పెట్టి తీయబోతే అది ఇంకా లోపలికి పోయింది. పక్క గుడారం ఆమె పిల్లను లాక్కుని, ముంజేతి మీద బోర్లా వేసి, తల కిందికి వంచి, జబ్బల నడుమ అరచేత్తో గట్టిగా చరిచింది. కాసేపటికి ఒక బద్ద ఊడి చాప మీద పడింది. అప్పుడు ఏడ్చింది మీ అమ్మ.

అందుకే చెప్తున్నా. వాడు ఎర్రబడి దగ్గుతూ ఓకరిస్తుంటే టెన్షన్ పడకు, వాడే బయటికి తోసుకుంటాడు. చప్పుడు ఆగితేనే భయం. అప్పుడు వీపు మీద ఐదు దెబ్బలు. రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము మధ్యలో ఒక అరచేతి మొదలుతో ఐదు నొక్కులు, మళ్లీ దెబ్బలు. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. కంటికి కనిపించని దాని కోసం నోట్లో వేలు పెట్టొద్దు.

పల్లీలు, పుట్నాలు ఐదేళ్లదాకా గింజలుగా వద్దే వద్దు. పల్లీ రుచి చూపాలంటే మెత్తగా పొడి చేసి జావలో కలుపు. ద్రాక్షపండును నిలువుగా నాలుగు చీలికలు చెయ్యి. వాడు తింటున్నంతసేపు ఎదురుగా కూర్చో, ఫోన్ పక్కన పెట్టు. కోప్పడుతున్నాననుకోకు తల్లీ, నీకూ ముద్దలు కలిపి పెట్టిన చేతులే ఇవి.

ఈ వారంలోనే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లి ఆ వీపు చరిచే పద్ధతి చేసి చూపించమను. మీ అత్తమ్మను కూడా తీసుకెళ్లు, పగలంతా వాడు ఉండేది ఆమె దగ్గరే కదా.

మీ అమ్మమ్మ,
హనుమకొండ