మెరుపును ఫోటో తీసే బిడ్డకు పెద్దబాపు లేఖ

బిడ్డా,

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలిదుమారం లేచి మబ్బు కమ్మిందంటే నీ చేయి కెమెరా మీదికి పోతదని తెలుసు. తీయి, వద్దనను. కానీ సెట్టింగుల కంటే ముందు ఎక్కడ ఉండి తీయాలో తేల్చుకోవాలె.

లతీఫ్ సాహెబ్ గుట్ట మీద నుంచి నల్లగొండ అంతా కనబడుతది. అయినా ఉరుముల్లో అక్కడ నిలబడితే అందరికంటే ఎత్తున ఉండేది నువ్వూ నీ ట్రైపాడూ. పానగల్లు ఉదయసముద్రం చెరువు కట్టా అంతే. తాటిచెట్టు కింద, రేకుల షెడ్డులో, డాబా మీద అసలే వద్దు. పక్కా ఇంట్లో గది, లేకపోతే ఇనుప కప్పున్న కారు, అద్దాలన్నీ ఎక్కించి. ఈ రెండే.

మెరుపు కనబడంగనే లెక్కపెట్టు. ఉరుము కిలోమీటరు దూరం రావడానికి సుమారు 3 సెకన్లు పడుతది. 30 సెకన్లలోపు వినబడిందంటే పిడుగు 10 కిలోమీటర్లలోపే ఉన్నట్టు. బయట ఉంటే ఆ క్షణమే లోపలికి పో. ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు బయటికి రావొద్దు. పిడుగుల హెచ్చరిక ఇచ్చే దామిని యాప్ కూడా ఫోన్లో పెట్టుకో. నిజానికి మంచి ఫోటో దూరపు వాననే ఇస్తది. 15, 20 కిలోమీటర్ల అవతల పడే మెరుపైతే మబ్బు నుంచి నేల దాకా ఫ్రేములో నిండుగా పడుతది. నెత్తి మీది మెరుపుకు తెల్లటి వెలుగే తప్ప ఆకారం ఉండదు.

ఇప్పుడు అసలు సంగతి. షట్టర్ 5 సెకన్లు తెరిచినా 25 సెకన్లు తెరిచినా మెరుపు గీత వెలుగు మారదు, ఎందుకంటే అది సెకను కూడా నిలవదు. గీత ఎంత వెలగాలో అపర్చర్ (వెలుగు లోపలికి వచ్చే లెన్సు రంధ్రం), ఐఎస్ఓ (కెమెరా వెలుగును ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) నిర్ణయిస్తయి. షట్టర్ సమయం ఆకాశానికి, ఊరి దీపాలకు. రాత్రిపూట ఐఎస్ఓ 100, అపర్చర్ ఎఫ్8 (ఎఫ్ అంకె పెరిగితే రంధ్రం చిన్నదైతది), షట్టర్ 15 సెకన్లతో మొదలుపెట్టు. గీత లావుగా తెల్లబడి కొమ్మలు కనబడకుంటే ఎఫ్11కు పో. సన్నగా, మసకగా ఉంటే ఎఫ్5.6. గీత బాగుండి ఆకాశం మాత్రం పసుపు రంగులో వెలిసిపోతే అపర్చర్ ముట్టుకోకు, షట్టర్ 8 సెకన్లకు తగ్గించు. ఈ తేడా తెలియకనే చాలామంది రాత్రంతా తప్పు నాబు తిప్పుతరు.

ఫోకస్ మాన్యువల్‌లో పెట్టు. రింగును చివరిదాకా తిప్పితే అనంతం అనుకుంటరు. చాలా లెన్సుల్లో రింగు అనంతాన్ని కూడా దాటి పోతది, ఫోటో మసక వస్తది. దూరంగా ఉన్న సెల్ టవర్ ఎర్రదీపాన్ని స్క్రీన్ మీద పెద్దది చేసి, చుక్క చిన్నగయ్యేదాకా తిప్పి, రింగుకు టేపు వేయి. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు చేతి వణుకును సరిచేసే స్టెబిలైజేషన్ ఆపు. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ కూడా తప్పకుండా ఆపు. అది ఉంటే 15 సెకన్ల ఫోటో తర్వాత కెమెరా ఇంకో 15 సెకన్లు నల్లఫ్రేము తీస్తది. మంచి మెరుపు ఆ సందులోనే పోతది.

మెరుపును చూసి బటన్ నొక్కితే దొరకదు. ఫోటోలు ఒకదాని వెంట ఒకటి తీసేలా డ్రైవ్ కంటిన్యువస్‌లో పెట్టి, వైరు రిమోట్ బటన్ లాక్ చేసి, నువ్వు కిటికీకి దూరంగా కూర్చో. కెమెరా దాని పని అది చేసుకుంటది. నిమిషానికి 4 ఫోటోలు, గంటకు 240. 24 మెగాపిక్సెళ్ల రా ఫైళ్లైతే (కెమెరా కుదించకుండా దాచే ఫోటోలు) ఆరేడు జీబీ పడుతది. 64 జీబీ కార్డు, ఇంకో బ్యాటరీ దగ్గర ఉంచుకో. కిటికీ అద్దం లోపల నుంచి తీసేటప్పుడు గదిలో లైటు ఆర్పి, లెన్సును అద్దానికి ఆనించి చుట్టూ నల్లబట్ట కప్పు, లేకుంటే గదిలోని వస్తువులన్నీ ఫోటోలో పడతయి. ఏసీ కారులో నుంచి కెమెరాను ఉక్కపోత గాలిలోకి తెస్తే లెన్సుకు ఆవిరి పడుతది. ముందే ఏసీ ఆపు.

పగటిపూట కష్టం. లెన్సులోకి వచ్చే వెలుగు తగ్గించే నల్ల అద్దం, అంటే ఎన్‌డీ ఫిల్టర్, వేసి షట్టర్ పొడుగు చేయొచ్చు అంటరు. ఆ ఫిల్టర్ మెరుపును కూడా మసక చేస్తదని చెప్పరు. పగటికి మెరుపును పసిగట్టి తనే షట్టర్ నొక్కే లైట్నింగ్ ట్రిగ్గరే నయం. ఒక్క మెరుపులో తరచుగా మూడు నాలుగు సార్లు కరెంటు దిగుతది, మొదటిది తప్పినా ట్రిగ్గర్ తర్వాతిదాన్ని పట్టుకుంటది. పొద్దుగూకినంక అరగంటైతే ట్రిగ్గర్ కూడా అక్కర్లేదు. మబ్బు నీలంగా ఉంటది, గుట్ట అంచు కనబడుతది, 5 సెకన్ల షట్టర్ సరిపోతది.

నాలుగైదు ఫ్రేములు కలిపి ఒకే ఫోటో చేస్తే, కలిపినట్టు కింద రాయి.

మీ పెద్దబాపు