కూల్చిన ఇళ్ల సామగ్రితో ఇన్‌స్టలేషన్: కొత్త ఇటుకలు కొనాలా?

ఊరి రూపు మారిపోవడం మీద ఇన్‌స్టలేషన్ (ఒక చోట వస్తువులు అమర్చి చేసే కళాకృతి) చేయాలనుకుంటున్నా, ఇటుకలు, సిమెంటు కొత్తవి కొనాలా అని అడిగారు. వద్దండి. నేను చేసిన పొరపాటు అదే.

మొదటిసారి కొత్త ఇటుకలు కొని హాలు మధ్యలో సగం గోడ కట్టాను. వచ్చినవాళ్లు "ఇక్కడేదో పని జరుగుతున్నట్టుంది" అనుకుని పక్కనుంచి వెళ్లిపోయారు. చాలా బాధేసింది. కానీ తప్పు వాళ్లది కాదు. ఆ ఇటుకలు ఏ ఇంటివీ కావు, వాటి దగ్గర చెప్పడానికేమీ లేదు.

రెండోసారి, కూల్చబోతున్న ఒక పాత ఇంటి యజమానిని అడిగి గోడ పెచ్చులు తెచ్చుకున్నాను. అరచేయంత పెచ్చును తడిపి, ఒక మూల ఎమరీ పేపరుతో మెల్లగా రుద్దితే రంగులు ఒక్కొక్కటే బయటపడ్డాయి: పైన లేత పసుపు, దాని కింద ఆకుపచ్చ, ఆ కింద నీలం, అట్టడుగున సున్నం. (పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. పొడిగా మాత్రం రుద్దకండి, మాస్కు పెట్టుకోండి.) ఏ గది పెచ్చులు ఆ గది కొలతల్లోనే నేల మీద పరిచాను. వంటగది పెచ్చులకు పొగమసి అలాగే ఉంచేశాను. చూడటానికి వచ్చినవాళ్లలో చాలామంది గుమ్మం కోసం వదిలిన ఖాళీలోంచే లోపలికి నడిచారు. అలా నడవమని నేనెవరికీ చెప్పలేదు. ఆ రోజు కలిగిన సంతోషం ఇప్పటికీ మర్చిపోలేను.

2008లో చైనాలోని సిచువాన్ భూకంపంలో కూలిన బడుల నుంచి ఆ దేశపు కళాకారుడు ఐ వైవై వంగిపోయిన ఇనుప చువ్వలు సేకరించి, మనుషుల చేత సుత్తులతో కొట్టించి తిన్నగా చేయించి పేర్చాడు. అలాంటి చువ్వలే కొత్తగా కొని పేరిస్తే చూసేవాళ్ల మనసు మీద ఆ బరువు పడదు. అలాగని కొత్త సిమెంటు ఎప్పుడూ పనికిరాదని కాదు. 1993లో తూర్పు లండన్‌లో, చుట్టూ ఇళ్లన్నీ పడగొట్టగా మిగిలిన ఒక ఇంటి లోపలి గోడలకు బ్రిటిష్ శిల్పి రేచెల్ వైట్‌రీడ్ కాంక్రీటు పట్టించి, తర్వాత ఆ గోడలు తీసేయించింది. కిటికీలు, పొయ్యిగూళ్లు అచ్చుపడి మిగిలాయి. 1994 జనవరిలో దాన్నీ కూల్చేశారు. అక్కడ సిమెంటు కొత్తదే, దాని మీది గుర్తులు మాత్రం ఆ ఇంటివి.

బరువు సంగతి ముందే చూసుకోండి. ఘనమీటరు కాంక్రీటు దాదాపు 2,400 కిలోలు ఉంటుంది. పై అంతస్తులో పెట్టేటట్టయితే ఇంజనీరుకు చూపించాకే మొదలుపెట్టండి. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, వాటి జోలికి వెళ్లొద్దు.

ఇంకొక్కటి. జేసీబీ రాకముందే గదుల కొలతలు, ఫొటోలు తీసుకుని, ప్రతి పెచ్చు వెనుకా అది ఏ గదిదో, ఏ గోడదో పెన్సిల్‌తో రాసుకోండి. కూల్చడం మొదలయ్యాక అన్నీ ఒకే కుప్పలో కలిసిపోతాయి.