వేదసాక్షా? హతసాక్షా?

సందేహం: ఈమధ్య తమిళనాడు యాత్రకు వెళ్లి, కాట్టాడిమలైలో పునీత (సెయింట్) దేవసహాయం ప్రాణం విడిచిన చోటును, ఓరియూరులో పోర్చుగీసు మతప్రచారకుడైన పునీత జాన్ డి బ్రిట్టో క్షేత్రాన్ని దర్శించుకున్నాను. మా విచారణ (చర్చి పరిధి) పత్రికకు ఆ అనుభవం రాస్తూ ‘వేదసాక్షులు’ అన్నాను. స్నేహితురాలు ‘హతసాక్షులు’ అని దిద్దింది. మా అబ్బాయి ‘అమరవీరులు’ అని రాయమంటాడు. ఏది సరైనది?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: అమ్మా, మీరు రాసిందే ఉంచండి.

నమ్మకం కోసం ప్రాణమిచ్చినవాళ్లను ఇంగ్లీషులో ‘మార్టర్’ అంటారు. ఆ మాటకు మూలం గ్రీకులోని ‘మార్తుస్’. దాని అర్థం సాక్షి, అంతే. అందులో చావు లేదు. మనకూ పాణిని ప్రకారం సాక్షాత్తూ చూసినవాడే సాక్షి. బోనులో నిలబడి ‘నేను ఎరుగుదును’ అని చెప్పేవాడు. మాట మార్చుకుంటే బతికిపోతావన్నా మార్చుకోనివాళ్లు ఉన్నారు కాబట్టే ఆ గ్రీకు మాటకు ప్రాణత్యాగమనే అర్థం తర్వాత వచ్చి చేరింది. దేవసహాయం తిరువాన్కూరు కొలువులో ఉద్యోగి. 1745లో జ్ఞానస్నానం పొంది క్రైస్తవుడయ్యాడు. దున్నపోతు మీద ఊరేగించి అవమానించినా మాట మార్చలేదు. 1752 జనవరి 14న తుపాకీతో కాల్చి చంపారు.

‘హతసాక్షి’ తప్పు కాదు. హతుడైన సాక్షి అని విగ్రహవాక్యం. తెలుగు బైబిల్లోనూ ఉంది, ప్రొటెస్టెంట్లకు బాగా అలవాటైన మాట. కానీ కొత్తవాళ్లు దాన్ని ‘హత్యను చూసిన సాక్షి’ అనుకోవడం నేను చాలాసార్లు విన్నాను. పైగా అది ఎలా పోయాడో చెబుతుంది గానీ, దేనికోసం పోయాడో చెప్పదు.

ఆ రెండోది ‘వేదసాక్షి’లో ఉంది. ఇక్కడ వేదమంటే రుగ్వేదాదులు కావు, నమ్మిన మతం. తమిళ క్యాథలిక్కులు కూడా వేదసాట్చి, మఱైసాట్చి అంటారు. మఱై అన్నా వేదమే. చాలా ఏళ్ల కిందట మన విశాఖలోని కొండగుడి చర్చి మెట్ల మీద కూర్చున్న ఒక ముసలావిడను అడిగితే, “మా తాతల నాడు వేదంలో కలిశాం బాబూ. వేదసాక్షులంటే ఆ వేదం కోసం పేనం ఇచ్చినోళ్లు” అంది. అంతకంటే మంచి నిర్వచనం నాకు ఏ నిఘంటువులోనూ కనబడలేదు.

‘అమరవీరుడు’ మాత్రం వద్దు. బీచ్ రోడ్డులో 1971 యుద్ధ స్మారకం దగ్గర ఆ మాట ఎంతో నిండుగా ఉంటుంది. అక్కడ ఆయుధం పట్టినవాళ్లను తలుచుకుంటాం. 1693 ఫిబ్రవరి 4న ఓరియూరులో తల నరికించుకున్న బ్రిట్టో చేతిలో కత్తి లేదు.

మరొకటి. మీ వ్యాసంలో ఒకచోట ‘సాక్ష్యులు’ అని పడింది. మనిషి సాక్షి, అతను చెప్పేది సాక్ష్యం, బహువచనం సాక్షులు. అదొక్కటి దిద్దుకోండి. ఓరియూరు నుంచి కాగితంలో పొట్లం కట్టి తెచ్చుకున్న ఎర్రమన్ను విప్పి చూస్తే మన భీమిలి ఎర్రమట్టి దిబ్బలు గుర్తొచ్చాయని రాశారే, ఆ పేరాలో మాత్రం ఎవరు చెప్పినా ఒక్క అక్షరం మార్చకండి.