6 లక్షల ప్యాకేజీ కోసం నాగోల్ వదలాలా?

ప్రశ్న: నా వయసు 28. సికింద్రాబాద్‌లో ఒక సంస్థలో నాలుగేళ్ల రెండు నెలలుగా నెట్‌వర్క్ సపోర్ట్ ఇంజినీర్‌గా చేస్తున్నాను. పర్మనెంట్ ఉద్యోగం. బేసిక్ 17,000, గ్రాస్ 34,000, చేతికి వచ్చేది 31,400. నాగోల్‌లో ఇంటి అద్దె 11,000, బండి పెట్రోలుకి 2,200. నా భార్య ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది, నెలకి 5 వేల దాకా వస్తాయి. మూడేళ్ల పాప, వచ్చే జూన్‌లో స్కూల్లో వేయాలి, ఫీజు 32,000 అంటున్నారు. ఊళ్లో అమ్మానాన్నలకి నెలకి 3 వేలు పంపుతాను. క్రెడిట్ కార్డు బాకీ 48,000 ఉంది, మినిమమ్ కడుతూ వస్తున్నాను. కాలనీలో లక్ష రూపాయల చీటీ వేశాను, 20 నెలల్లో 11 కట్టాను, ఇంకా పాడలేదు. నెలాఖరుకి ఏమీ మిగలడం లేదు. ఇప్పుడు నానక్‌రామ్‌గూడలో ఏడాదికి 6 లక్షల ఆఫర్ వచ్చింది. థర్డ్ పార్టీ పేరోల్ (జీతం ఇచ్చేది మధ్యలో ఉండే కాంట్రాక్టు సంస్థ), రొటేషన్ షిఫ్టులు. ఆఫర్ లెటర్ కూడా పంపుతున్నాను. కొండాపూర్‌లో ఇల్లు చూశాం, మెయింటెనెన్స్‌తో 20,000. మారిపోమంటారా? సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కొంత వేయడం) కూడా మొదలుపెట్టాలని ఉంది.

జవాబు: ఆఫర్ లెటర్ ఇప్పుడున్నట్టే ఉంటే మారొద్దు. కొండాపూర్‌కి ఇల్లు మార్చే ఆలోచన అయితే పూర్తిగా పక్కన పెట్టండి. ఎందుకో మీరు పంపిన అంకెలే చెబుతున్నాయి.

6 లక్షలంటే నెలకి 50 వేలని మీరు అనుకుంటున్నారు. లెటర్‌లోని పట్టిక మరోసారి చూడండి. అందులో 60 వేలు వేరియబుల్ పే. అది పనితీరు చూసి ఏడాది చివర ఇచ్చేది, మొత్తం ఇస్తారన్న హామీ లేదు. కంపెనీ తరఫున కట్టే పీఎఫ్ 21,600, గ్రాట్యుటీ 12 వేలు, ఇన్సూరెన్స్ ప్రీమియం 9 వేలు కూడా ఆ 6 లక్షల్లోనే ఉన్నాయి. ఇవన్నీ తీసేస్తే నెలకి 41,450. అందులోంచి మీ వంతు పీఎఫ్ 1,800, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతే చేతికి వచ్చేది 39,450. పీఎఫ్‌ని 15 వేల పరిమితి మీద కాకుండా మొత్తం బేసిక్ మీద లెక్కేస్తే ఇంకాస్త తగ్గుతుంది. ఆదాయపు పన్ను గురించి టెన్షన్ వద్దు. కొత్త విధానంలో జీతం ఏడాదికి 12 లక్షల 75 వేల వరకు పన్ను పడదు కాబట్టి ఇక్కడైనా అక్కడైనా మీకు సున్నానే.

అంటే నిజంగా పెరిగేది నెలకి 8,050. కొండాపూర్ ఇంటికి వెళ్తే అద్దె ఒక్కటే 9 వేలు ఎక్కువ. రెండు నెలల అడ్వాన్స్, సామాను తరలించే ఖర్చు దీనికి అదనం. పెరిగిన జీతం ఇంటి ఓనర్‌కి ఇచ్చి, పైన మరో 950 మీ జేబులోంచి వేయాలి.

ఇంకొక నష్టం మీ లెక్కలోకి రానేలేదు. మీ శ్రీమతి సంపాదన. ఆ 5 వేలు నాగోల్‌లో ఆమె కుట్టు నచ్చి వచ్చే ఇరుగుపొరుగు వాళ్ల వల్ల వస్తున్నాయి. ఇల్లు మారిన రోజే అది ఆగిపోతుంది. కొత్త చోట అంతమంది మళ్లీ కుదరడానికి ఎన్ని నెలలు పడుతుందో ఎవరూ చెప్పలేరు. చాలా ఇళ్లలో ఆడవాళ్ల సంపాదనని పై ఖర్చులకి వచ్చే డబ్బుగా చూస్తారు. అది నాకు బాధ కలిగించే విషయం. మీ ఇంట్లో ఆ 5 వేలు లేకపోతే ఈ నెల చీటీ కట్టలేరు.

నాగోల్‌లోనే ఉండి రోజూ వెళ్లి వస్తే? ఇది ఆలోచించదగ్గ దారే. మెట్రో బ్లూ లైన్ నాగోల్‌లో మొదలై రాయదుర్గంలో ఆగుతుంది, మధ్యలో రైలు మారే పని లేదు. టికెట్ 69 రూపాయలు. రానుపోను 138, నెలకి 22 రోజులకి 3 వేల పైచిలుకు. రాయదుర్గం నుంచి నానక్‌రామ్‌గూడకి షేర్ ఆటో లేదా బస్సుకి మరో 1,100 వేసుకోండి. ఇప్పుడు బండి పెట్రోలుకి 2,200 అవుతోందన్నారు, అంటే అదనంగా పడేది 1,900 ప్రాంతం. అప్పుడు నెలకి 6 వేలు మిగులుతాయి. కానీ మెట్రో పొద్దున 6 నుంచి రాత్రి 11 వరకే నడుస్తుంది. రాత్రి షిఫ్ట్ ఉన్న వారాల్లో ఎలా వెళ్తారు? కాంట్రాక్టు ఉద్యోగులకి క్యాబ్ ఇస్తామని మీ లెటర్‌లో ఎక్కడా లేదు. నిద్ర లేని కళ్లతో తెల్లవారుజామున ఊరు ఆ చివర నుంచి ఈ చివరకి బండి నడపడం నాకు ఏమాత్రం ఇష్టం లేదు. ఇంట్లో చిన్నపిల్ల ఉంది.

ఇక గ్రాట్యుటీ. అంటే కనీసం ఐదేళ్లు పనిచేసిన పర్మనెంట్ ఉద్యోగికి వెళ్లేటప్పుడు సంస్థ ఇచ్చే మొత్తం. ఇంకో పది నెలలు ఉంటే ఇప్పటి సంస్థలో మీకు ఐదేళ్లు నిండుతాయి. బేసిక్ 17 వేలని 15తో గుణించి, 26తో భాగించి, ఐదేళ్లకి లెక్కేస్తే దాదాపు 49 వేలు. ఇప్పుడే వదిలేస్తే అది పోయినట్టే. కొత్త ఉద్యోగంలో నెలకి 6 వేల చొప్పున మిగిల్చినా 49 వేలు పూడడానికి ఎనిమిది నెలలు పడుతుంది.

అలాగని 31,400 దగ్గరే ఉండిపొమ్మని నా ఉద్దేశం కాదు. ఈ జీతంతో హైదరాబాద్‌లో ముగ్గురు బతకడం కష్టమే. ప్రభుత్వ సాయం అందేంత తక్కువ కూడా కాదు. పట్టణాల్లో రేషన్ కార్డుకి ఏడాదికి 2 లక్షల ఆదాయ పరిమితి ఉంది, మీరు దాన్ని దాటారు. కాబట్టి సన్నబియ్యం, 200 యూనిట్ల ఉచిత కరెంటు మీకు రావు. మీ శ్రీమతికి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం మాత్రం ఉంది. బట్టలు, లైనింగులు కొనడానికి ఆమె ఊళ్లోకి వెళ్లేటప్పుడు అది పనికొస్తుంది.

మీ పనిలో జీతం పెద్దగా పెరిగేది కంపెనీ మారినప్పుడు కాదు, చేసే పని మారినప్పుడు. అలర్ట్ చూసి టికెట్ తెరిచి పైవాళ్లకి పంపే ఎల్‌1 పనిలో ఎన్నేళ్లున్నా ఏటా వచ్చే ఇంక్రిమెంటు అద్దె పెంపుకే సరిపోతుంది. రౌటర్లు, స్విచ్‌లు, ఫైర్‌వాల్స్ మీరే కాన్ఫిగర్ చేసే ఎల్‌2 స్థాయికి వెళ్తేనే బేరమాడే బలం వస్తుంది. కొత్త ఆఫర్ ఏ స్థాయికి? మీ ఉత్తరంలో అది లేదు. షిఫ్టులు చూస్తే మానిటరింగ్ పనేమో అనిపిస్తోంది. అదే నిజమైతే వెళ్లడానికి కారణమే లేదు.

దానికి దారి సీసీఎన్‌ఏ, అంటే సిస్కో కంపెనీ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్. పరీక్ష ఫీజు 300 డాలర్లు, పన్నుతో కలిపి మన డబ్బుల్లో 30 వేల పైనే. సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది. అది రాగానే ఉద్యోగం గ్యారంటీ అని అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ఎవరు చెప్పినా నమ్మకండి. కానీ నాలుగేళ్ల అనుభవం ఉన్న మీ చేతిలో ఆ సర్టిఫికెట్‌కి విలువ ఉంటుంది. ఈ పది నెలలూ దానికి చదవండి.

డబ్బెక్కడిది అంటారా? చీటీ పాడండి. మీ కార్డుకి నెలకి మూడున్నర శాతం వడ్డీ పడుతోంది, ఏడాదికి 42 శాతం. 48 వేల మీద నెలకి 1,680. మీరు కట్టే 2,400 మినిమమ్‌లో అసలుకి పోయేది 700 మాత్రమే. చీటీ ఆఖరి దాకా ఆగితే ఈ తొమ్మిది నెలల్లో వడ్డీకే 14 వేలు పోతాయి. ఏడెనిమిది వేలు తగ్గించి 92 వేలకి పాడినా మీకే లాభం. పైగా అది రిజిస్టర్ కాని చీటీ. మీ 11 నెలల డబ్బు ఒక మనిషి మాట మీద ఆధారపడి ఉంది. పాడేశాక మాత్రం మిగతా వాయిదాలు ఒక్కటీ తప్పకుండా కట్టండి, అందులో పక్కింటివాళ్ల కష్టార్జితం కూడా ఉంది.

వచ్చిన 92 వేలలో 48 వేలు అదే రోజు కార్డుకి కట్టేయండి. 30 వేలు బ్యాంకులో విడిగా ఉంచి, ఆసుపత్రి లాంటి అవసరం వస్తే తప్ప ముట్టుకోవద్దు. మిగిలిన 14 వేలు పాప స్కూలు మొదటి టర్ముకి. ఇక కార్డుకి కట్టే పని లేని 2,400 పది నెలలు పక్కన పెడితే 24 వేలవుతాయి. అప్పటికి చీటీ కూడా అయిపోయి నెలకి 5 వేలు చేతిలో ఉంటాయి కాబట్టి పరీక్ష ఫీజుకి వెతుక్కోనక్కర్లేదు.

సిప్ సంగతి ఆ తర్వాతే. 42 శాతం వడ్డీ అప్పు నెత్తిన పెట్టుకుని మ్యూచువల్ ఫండ్‌లో డబ్బు వేయడం నష్టమే. దానికన్నా ముందు టర్మ్ ఇన్సూరెన్స్ తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియంల మీద జీఎస్‌టీ లేదు. అది కుదిరేలోపు మీ బ్యాంకులో ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి, 20 రూపాయల సురక్షా బీమా రెండూ ఈ వారమే తీసుకోండి. ఒక్కోదానికి 2 లక్షల కవరేజీ ఉంటుంది, రెండోది ప్రమాదాలకి మాత్రమే.

కొత్త సంస్థకి వెంటనే వద్దని చెప్పకండి. ఒక మెయిల్ పెట్టండి. పని ఎల్‌1నా, ఎల్‌2నా? వేరియబుల్ 60 వేలని ఫిక్స్‌డ్‌లో కలుపుతారా? నైట్ షిఫ్ట్ అలవెన్స్ ఎంత, క్యాబ్ ఉందా? కాంట్రాక్టు ఎన్ని నెలలు, అది ముగిస్తే ఎన్ని రోజుల నోటీసు? ఇన్సూరెన్స్‌లో అమ్మానాన్నలు ఉంటారా? పీఎఫ్ లేకుండా కన్సల్టెంట్‌గా చూపించి టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోయరు కదా? ఫోన్లో చెప్పింది లెక్కలోకి తీసుకోవద్దు, రాతపూర్వకంగా అడగండి. ఎల్‌2 పని, ఫిక్స్‌డ్ జీతం, క్యాబ్, ఈ మూడూ ఒప్పుకుంటే నా సలహా మారుతుంది. గ్రాట్యుటీ పోయినా వెళ్లమంటాను, అప్పుడు కూడా ఇల్లు మాత్రం నాగోల్‌లోనే.