సాయంత్రమైతే 40 మీటర్లలో గరగర

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. రాత్రి ఏడు దాటితే నా హ్యామ్ రేడియోలో 40 మీటర్ల బ్యాండు, అంటే 7 మెగాహెర్ట్జ్ దగ్గర, సిగ్నల్ బలం చూపే ఎస్ మీటరులో ఎస్‌9 దాకా (బాగా ఎక్కువ) గరగర. యాంటెన్నా మార్చాలా?

జవాబు: యాంటెన్నా జోలికి ఇప్పుడే వెళ్లకండి. రిగ్గును (రేడియో సెట్టును) 12 వోల్టుల బ్యాటరీ మీద నడిపిస్తూ ఇంటి మెయిన్ ఆపండి. ఇన్వర్టర్ కూడా ఆపాలి, చాలామంది మరిచేది అదే. గరగర పోతే మూలం ఇంట్లోనే ఉంది. ఎంసీబీలు ఒక్కొక్కటే వేస్తూ ఎస్ మీటరు చూడండి. ఎక్కువగా చవక ఎల్‌ఈడీ బల్బో, ఫోన్ ఛార్జరో పట్టుబడుతుంది. దాన్ని మార్చేయడమే మేలు. మార్చలేని పరికరమైతే దాని కరెంటు తీగను, ఫేజు న్యూట్రల్ కలిపే, 31 మిక్స్ అనే రకం ఫెర్రైట్ (గరగరను అడ్డుకునే అయస్కాంత పదార్థం) రింగులో 10-12 చుట్లు తిప్పండి. గరగరకు రింగు ఇచ్చే అడ్డు చుట్ల సంఖ్య వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, తీగకు తగిలించిన ఒక్క ఫెర్రైట్ క్లిప్పుతో ఈ బ్యాండులో పెద్దగా ఫలితం ఉండదు. మెయిన్ ఆపినా గరగర ఆగలేదా? చిన్న ఏఎం రేడియోతో వీధిలో నడవండి. ఏ స్తంభం దగ్గర మోత పెరిగితే దాని నంబరు విద్యుత్ శాఖకు ఇవ్వండి. స్తంభాన్ని మాత్రం తట్టి చూడకండి, ప్రాణాపాయం.