పాత మియాటా, ఒక పానాల పెట్టె, ఏడేళ్లు

"పైకప్పు తీసే చిన్న కారు, అదీ పాతది కొనుక్కుని వారం వారం దాని కింద దూరి రిపేర్లు చేసుకోవడంలో మజా ఏముంటుంది? నాకూ కొనాలని ఉంది, కొన్నాక తలనొప్పి అవుతుందేమో" అని అడిగారు కదా. ఏడేళ్లుగా అదే పనిలో ఉన్నవాడిని కాబట్టి చెప్తున్నాను.

నాది 1995 మోడల్ మాజ్దా మియాటా. ఎర్రది. రెండు సీట్లు, ఐదు గేర్లు, చేత్తో వెనక్కి మడిచే టాప్. మేముండేది నార్త్ కరోలినాలోని కేరీలో. నాలుగు వేల డాలర్లకి కొన్నాను, అప్పటికే లక్షా పన్నెండు వేల మైళ్లు తిరిగేసింది. ఇంటికి తెచ్చిన రోజు మా ఆవిడ దాని చుట్టూ ఒకసారి తిరిగి, డిక్కీ తెరిచి చూసి, "కాస్ట్‌కో సామాన్లు ఎక్కడ పెడతావ్?" అంది (కాస్ట్‌కో అంటే ఇక్కడ సామాన్లు పెద్ద పెద్ద ప్యాకెట్లలో అమ్మే దుకాణం). ఇప్పటికీ దానికి నా దగ్గర సమాధానం లేదు.

తలనొప్పి అవుతుందా అంటే, అవుతుంది. కానీ నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అక్కడ ఏదైనా తేడా వస్తే అది ఎవరి కోడ్‌లో ఉందో తేలేసరికి నాలుగు టీములు, పది కాల్స్, రెండు వారాలు. చివరికి ఎవరో ఏదో మారుస్తారు, సమస్య పోతుంది, ఎందుకు పోయిందో ఎవరికీ తెలీదు. ఈ కారులో అలా ఉండదు. ఆయిల్ కారుతోందంటే ఎక్కడో ఒక చోట నుంచే కారుతుంది. ఆ చోటు దాకా నా చెయ్యి వెళ్తుంది. నాకు నచ్చింది అదే.

ఈ కారు కథ కొంచెం చెప్పాలి, ఎందుకంటే రిపేర్లు ఇంత తేలిక కావడానికి కారణం అందులోనే ఉంది. అరవైల్లో బ్రిటన్ వాళ్లు చిన్న చిన్న ఓపెన్ కార్లు చేసేవారు. చూడ్డానికి ముద్దుగా ఉండేవి, కానీ ఆయిల్ కారేవి, వానొస్తే మొరాయించేవి. జపాన్‌లో తోషిహికో హిరాయ్ నడిపించిన మాజ్దా బృందం అదే రకం కారుని, నమ్మకంగా స్టార్ట్ అయ్యేలా చేసింది. 1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో బయటపెట్టారు. గుర్రం, రౌతు ఒకటే ప్రాణంలా ఉండాలన్న అర్థం వచ్చే 'జిన్బా ఇట్టాయ్' అనే జపాన్ మాటని వాళ్లు లక్ష్యంగా పెట్టుకున్నారు. నా కారులో ఉన్నది 1.8 లీటర్ల ఇంజిన్, 128 హార్స్ పవర్. సిగ్నల్ దగ్గర మామూలు ఫ్యామిలీ సెడాన్ కూడా నన్ను దాటేస్తుంది. కానీ బరువు టన్నుకి కాస్త అటూ ఇటూ కాబట్టి, స్టీరింగ్ తిప్పితే నడుము తిరిగినట్టు తిరుగుతుంది. 2016 ఏప్రిల్ నాటికి ఇవి పది లక్షలు తయారయ్యాయి. మీకు పనికొచ్చే అంకె ఇదొక్కటే. పది లక్షల కార్లున్న చోట విడిభాగాలకి కరువుండదు. ముప్ఫై ఏళ్ల కారుకి కావలసిన రబ్బరు ముక్క రెండ్రోజుల్లో గుమ్మం ముందుంటుంది.

బానెట్ ఎత్తగానే ఇంజిన్ నిలువుగా, చుట్టూ చెయ్యి పెట్టుకునేంత ఖాళీతో కనిపిస్తుంది. నాలుగు స్పార్క్ ప్లగ్గులూ పైనే వరసగా ఉంటాయి. మా ఇంట్లో ఉన్న కొత్త ఎస్‌యూవీ బానెట్ ఎత్తితే నల్ల ప్లాస్టిక్ మూత తప్ప ఏమీ కనపడదు, "నీకెందుకు, షోరూంకి తీసుకెళ్లు" అన్నట్టు.

మొదటి ఏడాదే గ్యారేజీలో నేల మీద రూపాయి బిళ్లంత ఆయిల్ మరక కనపడింది. వారానికి అరిటాకంత అయింది. దగ్గర్లో ఉన్న ఒక షెడ్డుకి తీసుకెళ్తే, కింద నుంచి టార్చి వేసి చూసి, ఇంజిన్ వెనక క్రాంక్‌షాఫ్ట్ (ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) దగ్గర ఆయిల్ ఆపే సీలు పోయింది, గేర్‌బాక్స్ దించాలి, 1,100 డాలర్లు అవుతుందన్నారు. ఇంటికొచ్చి రాత్రంతా చదివితే తెలిసిందేమిటంటే, ఈ కార్లలో క్యామ్ యాంగిల్ సెన్సర్ అని ఒకటి, వాల్వులు తెరిచే ఇరుసు ఏ కోణంలో ఉందో కనిపెట్టేది, ఇంజిన్ తలకాయ వెనక్కి, పైన బిగించి ఉంటుంది. దాని చుట్టూ ఉన్న ఓ-రింగ్, అంటే రబ్బరు ఉంగరం, ఏళ్లు గడిచేకొద్దీ ఎండిపోయి గట్టిపడుతుంది. అక్కడి నుంచి కారిన ఆయిల్ ఇంజిన్ వెనక గోడ మీదుగా జారి గేర్‌బాక్స్ దగ్గర బొట్టు కడుతుంది. కింద నుంచి చూసేవాడికి అచ్చం సీలు పోయినట్టే ఉంటుంది.

ఆ సెన్సర్‌ని పట్టి ఉంచేది ఒకే ఒక్క బోల్టు. ఒక్కటే కదా అనుకోకండి. అది ఇంజిన్‌కీ, క్యాబిన్ గోడకీ మధ్య సందులో ఉంటుంది, కంటికి ఆనదు. మా అమ్మాయి చిన్న అద్దం తెచ్చి ఒక మూల పెట్టి, ఫోన్ లైటు వేసి, అద్దంలో చూస్తూ విప్పాను. అద్దంలో కుడి ఎడమలు తారుమారవుతాయని మర్చిపోయి పావుగంట అటువైపే బిగిస్తూ కూర్చున్నాను. ఇంకో చిక్కేమిటంటే, సెన్సర్‌ని కొంచెం అటూ ఇటూ తిప్పితే ఇంజిన్ టైమింగే, అంటే ప్లగ్గు నిప్పురవ్వ వేసే క్షణమే, మారిపోతుంది. అందుకని విప్పేముందు సెన్సర్ మీదా, దాని పక్కన ఇంజిన్ మీదా కలిసేలా మా అమ్మాయి తెల్ల నెయిల్ పాలిష్‌తో ఒక గీత గీశాను. పాత ఓ-రింగ్ బయటికి తీస్తే రబ్బరులా వంగలేదు, గోరుతో గిల్లితే గాజు గాజులా టప్పున విరిగింది. కొత్తదానికి కాస్త ఆయిల్ రాసి తొడిగి, గీతలు కలిపి బిగించాను. మూడు డాలర్లు. ఆ తర్వాత ఒక అట్టముక్క కింద పరిచి ప్రతి ఉదయం వెళ్లి చూసేవాణ్ని. వారం గడిచినా అట్ట పొడిగానే ఉంది. ఆ అట్టముక్క ఇంకా గోడకి ఆనించి ఉంది, పారేయబుద్ధి కాలేదు.

షెడ్డు వాళ్లు మోసం చేశారని అనడం లేదు. వాళ్లకి గంటకింత రేటు, అద్దం పట్టుకుని కూర్చునే తీరిక ఉండదు. నాకుంది.

ఇక్కడి పైన్ చెట్ల గురించి తెలిసినవాళ్లకి ఈ ముక్క అర్థమవుతుంది. కన్వర్టిబుల్ టాప్ మీద పడ్డ వాన వెనక అంచున ఉన్న చిన్న కాలవలోకి జారి, రెండు సీట్ల వెనకా ఉన్న రంధ్రాల్లోంచి బాడీ లోపలి గొట్టాల గుండా వెనక చక్రాల ముందు నేల మీదకి పోవాలి. పైన్ సూదులు ఆ రంధ్రాల్లో పడి, పుప్పొడి కలిసి, ముద్దకట్టి బిరడాలా బిగుసుకుంటాయి. రెండో ఏడాది ఒక వానాకాలపు పొద్దున బ్రేకు వేస్తే సీటు వెనక నుంచి బిందెలో నీళ్లు కదిలినట్టు చప్పుడు వచ్చింది. గడ్డి కోసే మెషిన్‌లో వాడే నైలాన్ తీగ ఒక మూర కత్తిరించి మెల్లిగా లోపలికి తిప్పుతూ దింపాను. గుటక్‌మని శబ్దమై, చక్రం ముందు నల్లటి నీళ్లు దబదబా పడ్డాయి. ఎంత తృప్తో చెప్పలేను. తూము తీసిన రైతుకి తెలుసు. ఇప్పుడు ఏటా రెండుసార్లు, పుప్పొడి రాలాక ఒకసారి, ఆకులు రాలాక ఒకసారి, ఆ పని తప్పనిసరి.

అన్నిటికన్నా బాగా గుర్తుండేది క్లచ్ రోజు. మా అమ్మానాన్నలు తెనాలి నుంచి ఆరు నెలలకని వచ్చినప్పటి మాట. నాన్న ముప్ఫై ఏళ్లు బజాజ్ చేతక్ నడిపిన మనిషి. పొద్దున్నే బండిని ఒక పక్కకి వంచి, నిలబెట్టి, కిక్ కొట్టేవారు. ప్లగ్గు తీసి గరుకు కాగితంతో రుద్దేవారు. నా కారు చూసి మొదట, "ఇంత డబ్బు పోసి కప్పు లేని బండి కొన్నావేంట్రా, మన ఊళ్లో జీపుకి కూడా ఇంతకన్నా గట్టి టాపు ఉంటుంది" అన్నారు. తర్వాత రెండు వారాలకి క్లచ్ పెడల్ నేలకి అంటుకుపోయింది. గేర్‌బాక్స్ పక్కన ఉండే స్లేవ్ సిలిండర్, అంటే పెడల్ తొక్కితే ఫ్లూయిడ్ ఒత్తిడితో క్లచ్‌ని కదిపే చిన్న గొట్టం, లీకైంది. ఈ కార్లలో అది తరచూ పోయేదే, ఖరీదు తక్కువే. మార్చడం నా ఒక్కడి వల్ల అవుతుంది. కానీ ఆ తర్వాత గొట్టంలో చిక్కుకున్న గాలి తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు పెడల్ తొక్కాలి, ఒకరు కింద పడుకుని స్క్రూ వదులు చేయాలి.

"నాన్నా, తొక్కండి." "తొక్కా." "అలాగే పట్టుకోండి, వదలొద్దు." స్క్రూ వదులు చేస్తే సన్నటి ప్లాస్టిక్ గొట్టంలోంచి బుడగలు, బుడగలు. బిగించాక, "ఇప్పుడు వదలండి." ఇరవైసార్లు అయ్యాక ఆయనే పైనుంచి, "ఒరేయ్, ఇప్పుడు కాలికి ఎదురు తగులుతోంది, గాలి పోయినట్టే" అన్నారు. నేను గొట్టం చూడకముందే ఆయన కాలికి తెలిసిపోయింది. సాయంత్రం దుపట్టా మెడకి చుట్టుకుని అమ్మ పక్క సీట్లో కూర్చుంది. వీధి చివరిదాకా వెళ్లొచ్చి, "చల్లగాలి బానే ఉంది కానీ, అందరూ మనల్నే చూస్తున్నారేంట్రా" అంది. నాన్న మాత్రం తిరిగి వెళ్లాక కూడా ఫోన్లో వీసా, ఆరోగ్యం, పిల్లల చదువు కంటే ముందు క్లచ్ సంగతే అడుగుతారు.

చెడగొట్టినవి కూడా చెప్పాలి. ఇంజిన్ పైమూత (వాల్వ్ కవర్) బోల్టు, బిగింపు ఎంతో కొలిచే టార్క్ రెంచి లేకుండా 'ఇంకాస్త' అని బిగించి థ్రెడ్ పోగొట్టాను. ఆ అల్యూమినియం మెత్తన, మన ఉత్సాహాన్ని తట్టుకోలేదు. బ్రేక్ ఫ్లూయిడ్ ఒక చుక్క ఫెండర్ మీద పడితే తర్వాత తుడుద్దాంలే అనుకున్నాను, పెయింట్ అక్కడ ముడతలు పడి లేచిపోయింది, ఇప్పటికీ ఉంది. ఆయిల్ ఫిల్టర్ ఇంజిన్‌కి గాలి తీసుకెళ్లే గొట్టాల (ఇన్‌టేక్ మానిఫోల్డ్) కింద ఎక్కడో చేతికందని చోట పెట్టారు, విప్పిన ప్రతిసారీ ఆయిల్ మోచేతి దాకా కారుతుంది. హిరాయ్ గారి మీద నాకున్న ఒకే ఒక్క ఫిర్యాదు అది. వాల్వుల్నీ పిస్టన్లనీ ఒకే లయలో నడిపే టైమింగ్ బెల్ట్ అరవై వేల మైళ్లకి మార్చాలి, ఆ శనివారం మాత్రం టెన్షన్‌తో అన్నం సయించలేదు. అయితే ఈ ఇంజిన్‌లో బెల్టు తెగినా వాల్వులు పిస్టన్లకి తగలవు, బండి ఆగిపోతుంది అంతే. అది తెలిశాక ధైర్యం వచ్చింది. ఖర్చులెక్క రాయడం మూడో ఏడాది మానేశాను, కారు ఖరీదు దాటిపోయిందని మాత్రం తెలుసు.

టాప్ గురించి ఒక మాట. నా మోడల్‌కి వెనక కిటికీ గాజు కాదు, ప్లాస్టిక్. టాప్ దించేముందు దాని జిప్పు తీసి పడుకోబెట్టాలి, లేకపోతే మడత దగ్గర పగుల్తుంది. చలిలో అయితే జిప్పు తీసినా పగలొచ్చు. తడిగా ఉన్నప్పుడు మడిస్తే బూజు. అలవాటయ్యాక జిప్పు, రెండు కొక్కాలు, ఒక తోపు, అంతా అర నిమిషం పని. అక్టోబరులో బ్లూ రిడ్జ్ పార్క్‌వే మీదికి వెళ్తాం. 469 మైళ్ల ఆ కొండదారిలో గరిష్ఠ వేగం 45 మైళ్లే. వేరే కారులో నిద్రొచ్చే వేగం అది. ఇందులో చెవి పక్కన గాలి, ఎవరో కట్టెలు కాల్చిన పొగ వాసన, మలుపు మలుపుకీ మూడో గేరు, రెండో గేరు. ఇంకా ఏం కావాలి?

పిల్లలున్నవాళ్లకి: నా మోడల్‌లో పక్క సీటుకి ఎయిర్‌బ్యాగ్ ఉంది, ఆపే స్విచ్ లేదు, వెనక సీటు అసలు లేదు. మా అమ్మాయికి పదమూడు నిండేదాకా ఎంత ఏడ్చినా ఎక్కించలేదు. అప్పటిదాకా దానికి దక్కింది హెడ్‌లైట్ల బటన్ మాత్రమే. నొక్కితే దీపాలు కప్పకళ్లలా పైకి లేస్తాయి, మళ్లీ నొక్కితే మూసుకుంటాయి. ఒకసారి ఎడమది లేవడం మానేస్తే, మోటార్ మీదున్న రబ్బరు టోపీ తీసి కింద ఉన్న మరని వేళ్లతో తిప్పి లేపింది అదే.

జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కింద దూరకండి. స్టాండ్లు పెట్టి, కారుని చేత్తో గట్టిగా ఊపి చూశాకే పడుకోండి. మీ కాలనీ వాళ్లు డ్రైవ్‌వేలో రిపేర్లు చేయనిస్తారో లేదో ముందే కనుక్కోండి, మాకు గ్యారేజీ తలుపు వేసుకుని చేసుకోవాల్సిందే.

ఇక కొనడానికి వెళ్లినప్పుడు ఇంజిన్ మెరుపు చూసి మురిసిపోకండి. సీట్ల వెనక కార్పెట్ ఎత్తి చెమ్మ ఉందేమో చూడండి. డిక్కీలో బ్యాటరీ కింద రేకు చూడండి, యాసిడ్ పడి తినేసి ఉండొచ్చు. ఆ తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, తలుపు కింద అంచుని వెనక చక్రం దాకా అరచేత్తో తడమండి. పెయింట్ కింద అప్పడం పొంగినట్టు బుడగలు తగిలితే, ఎంత చవగ్గా ఇస్తానన్నా వదిలేసి వచ్చేయండి.